ఆడపిల్లనిచ్చిన ఊరి నీళ్ళు

ఝాంఝర్‌సర్,
పుష్యం మొదట్లో

బాపూసా పాదాలకు సాయర్ మొక్కులు.

మీరు దాచినా ఊరు దాస్తుందా? ఉప్పు బండివాడు చెప్పాడు, తపాలా ఆయన చెప్పాడు, చివరికి మా అత్తగారికి కూడా నాకన్నా ముందే తెలిసింది. ఈ చలికాలం గుర్రాల మీద యాత్రకొచ్చే విదేశీ దొరల దారి మా ఊరి మీదుగానట. ముందు గుర్రం మీద ఎప్పటిలాగే మీరేనట. కన్న కూతురికి ఒక ముక్క రాయడానికి మీకు చేతులు రాలేదు!

నన్ను ఈ ఊరికిచ్చి ఏడేళ్ళు దాటింది. మీ దొరల్లో ఎవరికి ఏ జీను నప్పుతుందో, ఎవరి తొడ ఎక్కడ ఒరుసుకుపోయిందో మీకు తెలుసు. మా గుమ్మం ఏ దిక్కుకు ఉందో మాత్రం తెలియదు. తూర్పుకు, బాపూసా. ఊళ్ళోకి రాగానే మొదటి ఇల్లు. ఎదురుగా పెద్ద జమ్మిచెట్టు.

రెండేళ్ళుగా నేను పుట్టింటికి రాలేదు. అత్తగారికి తుంటి విరిగాక ఆవిణ్ణి వదిలి గడప దాటే వీలే లేదు. మీ అల్లుడు అస్సాంలో పటాలంతో ఉన్నారు. ఆయన రాసే ఉత్తరంలో క్షేమం అన్న మాట ఒక్కటే ఉంటుంది, మిగతా కాగితం తెల్లగానే వస్తుంది. ఇంట్లో నేనూ, అత్తగారూ, ఒక గేదె. ముగ్గురిలో ఎక్కువ మాట్లాడేది గేదే.

"మీ నాన్న దేశదేశాల వాళ్ళకి దారి చూపిస్తాడు. మా గడపకి మాత్రం ఆయనకి దారి దొరకదే!" అని నిన్న అత్తగారు నన్ను పొడిచారు. ఈసారి మీరే జవాబు చెప్పాలి.

రండి. మా వాకిట్లో కాసేపు కూర్చోండి. ఆడపిల్లనిచ్చిన ఊళ్ళో తండ్రి నీళ్ళు కూడా ముట్టడని నాకు తెలుసు. ముట్టమని అడగను. కూర్చోడానికి అడ్డేం లేదు కదా.

మీ
సాయర్ కంవర్


రోహిడ్‌గఢ్ కోట,
గుర్రాల చావడి

బాయిసా, నా తల్లీ,

కోపం తగ్గించుకో. దారి ఖాయం కాకుండా ఏం రాయను? పాత దారిలో ఎవరో పొలాలకు ముళ్ళకంచె వేశారు. గుర్రాలు దూసుకుపోవడానికి చోటు లేకపోతే దొరలు డబ్బెందుకిస్తారని మన కోట ఠాకూర్‌సా దారి మార్పించారు. ఇప్పుడు దిబ్బలు దాటి, మీ ఊరి ఎండిన చెరువులో ఒక పూట ఆగి, లూణావాస్ వైపు వెళ్ళాలి.

ఈసారి గుంపు మంచిదే. నాకు ఎప్పటిలాగే మన ఆడగుర్రం కాజలీ, డేరాల బండికి అమ్రా. ఫ్రాన్సు నుంచి ఒక పెద్దావిడ వచ్చింది, రోజూ తన గుర్రానికి క్షమాపణ చెప్పి గానీ జీను ఎక్కదు. ఒక జర్మనీ పళ్ళ డాక్టరున్నాడు. వచ్చీ రాగానే మన కాజలీ నోరు తెరిచి చూసి, వయసు సరిగ్గా చెప్పేశాడు. అందరూ చప్పట్లు కొట్టారు. అది వాడి టోపీ లాక్కుని నమిలేసింది. "నోరు చూసినందుకు ఫీజు తీసుకుంది" అన్నాన్నేను. అమ్రా నవ్వి నవ్వి ఒంటెబండి మీంచి జారిపడ్డాడు.

వాకిట్లో కూర్చోడం సంగతి. కూర్చుంటే మీ అత్తగారు మర్యాదకి లోటా తెస్తారు. నేను వద్దనాలి. నీ మొహం చిన్నబోతుంది. నేను చూడలేను, అందుకే ఇన్నేళ్ళూ రాలేదు. మా నాన్నగారు ఒకసారి ఎర్రటి ఎండలో ఏదో ఊళ్ళో ఆగి, పెదవి దాకా తీసుకున్న నీళ్ళు కింద పెట్టేశారు. మన ఊరి కుమ్మరివాళ్ళ పిల్లని ఆ ఊరికిచ్చారని అప్పుడే ఎవరో అన్నారట. కుమ్మరి పిల్లయినా మన ఊరి ఆడపిల్ల మన పిల్లే కదా. అలాంటి ఆయన కొడుకుని నేను.

అయినా వస్తాను. జీనుకు కట్టుకునే దళసరి గుడ్డ నీళ్ళసంచిలో నా నీళ్ళు నేను తెచ్చుకుంటాను. నువ్వు ఎదురుగా కూర్చో, నేను నా నీళ్ళు తాగుతాను. సరేనా?

మీ బాపూ


ఝాంఝర్‌సర్

బాపూసా పాదాలకు,

వస్తానన్న ఒక్క మాటకి నాకు ప్రాణం లేచొచ్చింది. గోడలు అలికాను. వాకిట్లో సున్నంతో నెమళ్ళు వేశాను. అందులో ఒకటి కోడిలా వచ్చింది. అది కోడే అనుకోండి.

నీళ్ళ గురించి ఒక మాట. కోప్పడకుండా వినండి. మా పెరట్లో వాననీటి తొట్టి ఉంది, నేల లోపలికి కట్టింది. అందులోవి ఈ ఊరి నీళ్ళు కావు, ఆకాశం నీళ్ళు. ఆ మబ్బు మన ఊరి మీదుగానే వచ్చింది, నేను కళ్ళారా చూశాను. మరి ఆ నీళ్ళు ఎవరివి? అత్తగారిని అడిగితే "మీ నాన్న దగ్గర నీ వకీలు మాటలు చెల్లవే పిల్లా" అన్నారు. ఆవిడ నవ్వగా చూడటం నాకు అదే మొదలు.

ఇంకో అన్యాయం చూడండి. మీ గుంపుకి ఆ పూట భోజనం మా ఇంటి నుంచే పంపమని కోట నుంచి కబురొచ్చింది. సజ్జరొట్టెలు, జమ్మికాయల కూర, వెల్లుల్లి కారం. ఏడు సముద్రాలవతలి వాళ్ళు నా చేతి వంట తింటారు. మీరు పక్కనే గుర్రానికి దాణా పెడుతూ ఉంటారు. పోనీ, కాజలీకైనా మా తొట్టి నీళ్ళు పట్టొచ్చా? అది కూడా మీ పిల్లేనంటారా?

ఎప్పుడు వస్తున్నారో రాయండి. అమ్మ ఉన్నప్పుడు తన పుట్టింటి నుంచి ఎప్పుడూ ఎవరో ఒకరు వచ్చేవారు. ఇప్పుడు ఊరి బయట దుమ్ము లేస్తే చాలు, చేతిలో పని వదిలి గుమ్మంలోకి వస్తున్నాను. ప్రతిసారీ అది గాలే.

సాయర్


రోహిడ్‌గఢ్ కోట

బాయిసా,

సంక్రమణం వెళ్ళిన మొదటి సోమవారం మధ్యాహ్నానికి మీ ఊరు చేరతాం. ఆకాశం నీళ్ళు ఆకాశంలో ఉన్నంతసేపే ఆకాశానివి. మీ పెరట్లో పడ్డాక మీ అత్తగారివి. కాజలీకి పట్టు. అది నీ చెల్లెలే కానీ దానికి ఇంత పట్టుదల లేదు.

ఈసారి గుంపులో ఒక జర్మనీ పళ్ళ డాక్టరున్నాడు. వచ్చీ రాగానే మన కాజలీ నోరు తెరిచి చూసి, వయసు సరిగ్గా చెప్పేశాడు. అందరూ చప్పట్లు కొట్టారు. అది వాడి టోపీ లాక్కుని నమిలేసింది. "నోరు చూసినందుకు ఫీజు తీసుకుంది" అన్నాన్నేను. అమ్రా నవ్వి నవ్వి ఒంటెబండి మీంచి జారిపడ్డాడు.

నిన్న ఠాకూర్‌సా నన్ను పిలిచి "గుమాన్ సింగ్‌జీ, ఒంట్లో బాగుందా?" అని అడిగారు. ఉక్కులా ఉన్నాను హుకుమ్ అన్నాను. ఎందుకడిగారో!

మీ బాపూ


ఝాంఝర్‌సర్

బాపూసా,

సోమవారం వెళ్ళిపోయింది. మంగళవారం కూడా వెళ్ళిపోయింది. ఈ రోజు బుధవారం.

సోమవారం కోడి కూయకముందే లేచి పిండి తడిపాను. మధ్యాహ్నానికి రొట్టెల దొంతర నా మోకాలి ఎత్తుకి వచ్చింది. అత్తగారు కర్ర పట్టుకుని గుమ్మంలో మంచం వేయించుకున్నారు. పెట్టెలోంచి కొత్త ఓఢ్నీ తీయించుకుని కప్పుకున్నారు. మీరొస్తే ఏం మాట్లాడాలో నాకు అప్పజెప్పి చూసుకున్నారు కూడా. సాయంత్రం దాకా ఇద్దరం దిబ్బల వైపే చూశాం. ఒక నక్క వచ్చింది, మేకలు వచ్చాయి. రొట్టెలు ఊరి కుక్కలకు వేశాను, అవి కూడా సగం వదిలేశాయి.

లోపలికి వెళ్తూ ఆవిడ ఒక్క మాట అన్నారు: "రానని ముందే చెప్తే నేనేమన్నా అనేదాన్నా?" పొడిచినట్టు అనలేదు, నెమ్మదిగా అన్నారు. దాంతో నాకు ఏడుపు ఆగలేదు.

దారిలో ఎవరికైనా దెబ్బ తగిలిందా? గుర్రానికి ఏమైనా అయిందా? మీకు బాగుందా? పళ్ళ డాక్టరు సంగతి రెండుసార్లు రాశారు, అక్షరం పొల్లుపోకుండా. మొదట నవ్వుకున్నాను. ఇప్పుడెందుకో ఆ రెండు ఉత్తరాలూ పక్కపక్కన పెట్టి చూస్తూ కూర్చున్నాను.

వెంటనే రాయండి.

సాయర్


రోహిడ్‌గఢ్ కోట

సాయర్,

నువ్వు కూడా మొదలుపెట్టావా? ఇక్కడ అందరూ నన్ను దొంగని చూసినట్టు చూస్తున్నారు. తప్పు నాది కాదు. మొన్నటి గాలికి దిబ్బలు జరిగాయి. ఉన్నచోట లేవు. గుర్రాలు అలిసిపోయాయని వేరే దారిన తీసుకెళ్ళాను. అంతే. దానికి అమ్రా ఠాకూర్‌సా ముందు నిలబడి "దారి తప్పారు హుకుమ్" అంటాడా? డేరాలు మోసే బండివాడు! నేను ఈ ఇసుకలో పుట్టాను. కళ్ళకు గంతలు కట్టి వదిలినా మన ఇంటికి నడిచి వస్తాను.

నేను దారి తప్పలేదు.

నీ ఉత్తరం మీ అమ్మకు చదివి వినిపించాను. నవ్వింది. "దానికి చిన్నప్పటి నుంచీ ఓపిక తక్కువే" అంది. ఆ మాట నిజం.

బాపూ


ఝాంఝర్‌సర్,
మాఘం

బాపూసా,

ఈ ఉత్తరం మొదలుపెట్టి చాలాసార్లు చించేశాను. మీకు ఎదురు మాట్లాడటం నాకు రాదు, మీరు నేర్పలేదు. కానీ చెప్పకపోతే ఎవరు చెబుతారు?

అమ్మ నవ్వలేదు, బాపూసా. అమ్మ లేదు. నా పెళ్ళికి ముందు వేసవిలోనే పోయింది. చితికి నిప్పు పెట్టింది మీరే. ఆ తరువాత నెల రోజులు మీరు గుర్రం ఎక్కలేదు. గుర్తు తెచ్చుకోండి.

పశువుల సంతకి వెళ్తూ అమ్రాజీ మా ఇంటికి వచ్చారు. ఆయన్ని ఏమీ అనకండి. ఇక్కడ కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చారు. ఆ సోమవారం మీరు గుంపుని ఎక్కడికో కాదు, మీరు కుర్రతనంలో గుర్రాలు మాలిమి చేసిన పాత గఢీకి తీసుకెళ్ళారట. పడిపోయిన ఆ గోడల ముందు నిలబడి, ఎప్పుడో కాలం చేసిన పెద్ద ఠాకూర్‌సాని పేరుపెట్టి పిలిచారట, గుర్రాలు తెచ్చాను హుకుమ్ అని. దొరలు అది కూడా యాత్రలో భాగమే అనుకుని ఫొటోలు తీసుకున్నారట. ఎండుగడ్డి కొట్టంలో పడుకుని, వచ్చిన దగ్గర్నుంచీ ఇదే మంచి రోజని మెచ్చుకున్నారట. అమ్రాజీ ఇదంతా చెప్తుంటే నాకు నవ్వొచ్చింది, నవ్వుతూనే లేచి పెరట్లోకి వెళ్ళిపోయాను.

ఆయన ఇంకా చెప్పారు. కళ్ళెం తగిలించి జీను మర్చిపోతున్నారట. కేర్లా ఢాణీలో మన ఇంటి దగ్గర పొయ్యి రగిలించి వదిలేస్తున్నారట. ఎవరున్నారక్కడ మీకు? పిలిస్తే పలికే మనిషి ఎవరున్నారు?

ఇక్కడికి వచ్చేయండి. ఉండటానికే రండి. నేను అక్కడికి రాలేను, ఈవిణ్ణి మంచం మీద వదిలి ఎలా వస్తాను? "పిలువు. బయటి గది ఖాళీయే కదా" అని అత్తగారే అన్నారు. వెంటనే, "కానీ ఆయన నీళ్ళు ముట్టకపోతే ఎన్నాళ్ళు బతుకుతాడే?" అన్నారు.

అదే నేనూ అడుగుతున్నాను. మంచం పట్టినా ముట్టరా? నా చేతుల్లో ప్రాణం పోతున్నా మీ నోట్లో చెంచాడు నీళ్ళు పోసే హక్కు నాకు లేదా? ఎవరు పెట్టారు ఇది? వాళ్ళకు ఆడపిల్లలు లేరా?

కోపం వస్తే తిట్టండి. తిడుతూ అయినా ఉత్తరం రాయండి.

సాయర్


రోహిడ్‌గఢ్,
గుర్రాల చావడి

నా తల్లీ,

తిట్టను. నాలుగు రోజులుగా నాకు బాగానే ఉంది. బాగున్నప్పుడే ఇది రాసి పంపాలని కూర్చున్నాను.

నాకు తెలుస్తోంది. చాలాకాలంగా తెలుసు. మొదట మాటలు పోయాయి. కాజలీ ఎంత బాగా నడుస్తుందో దొరలకు చెప్పబోతే, ఆ నడక పేరు నోటికి రాలేదు. దగ్గు తెచ్చుకుని తప్పించుకున్నాను. తరువాత దారులు పోయాయి. ఇప్పుడు మనుషులు పోతున్నారు. సాయంత్రం ఇంటికొస్తే లోపల దీపం ఎందుకు లేదా అని ఒక్క క్షణం ఆగిపోతాను. మీ అమ్మ లేదని అప్పుడు గుర్తొస్తుంది. అలా ఆవిడ రోజూ పోతోంది నాకు. ఎవరికి చెప్పుకోను? కాజలీ మెడ మీద తల ఆనించి నిలబడతాను. భయమేస్తోంది తల్లీ. నా వయసువాడు ఈ మాట కూతురికి రాయకూడదు. కానీ రాశాను.

మీ అత్తగారికి నా దండాలు చెప్పు. ఆవిడ పెద్దమనసు గురించి నేను వేరేగా విన్నాను. విన్నది తప్పు.

కానీ రాను. ఎందుకో చెప్తాను. నేను చేసిన గొప్ప పనులేవీ లేవు. పరాయి వాళ్ళ గుర్రాలు తోమాను, పరాయి వాళ్ళకి దారి చూపించాను. ఫలానా పని గుమాన్ సింగ్ చచ్చినా చేయడని నలుగురూ అనుకునేవి నాలుగున్నాయి. వాటితోనే నేను మనిషినయ్యాను. ఒక్కొక్కటీ జారిపోతుంటే నా చేతిలో ఇదొక్కటి మిగిలింది. ఇది కూడా వదిలేస్తే నేను ఎవర్ని? నీ ఇంట్లో నీళ్ళు తాగిన రోజు నేను మీ నాన్నని కాను.

ఫాల్గుణంలో చివరి గుంపు వెళ్తుంది. నాకు కూడా అదే చివరిదని ఠాకూర్‌సా చెప్పారు. మర్యాదగానే చెప్పారు. అమ్రా ముందు నడుస్తాడు, నేను ఊరికే గుర్రం మీద కూర్చుని రావాలట. మీ ఊరి మీదుగా వస్తాను. దిగను. నువ్వు గుమ్మంలో నిలబడు. నిన్ను చూసి వెళ్తాను.

మీ బాపూ


కేర్లా ఢాణీ,
హోలీ వెళ్ళాక

ఝాంఝర్‌సర్‌లో మొదటి ఇంటి ఇల్లాలికి, జమ్మిచెట్టు ఎదురు ఇల్లు.

అమ్మా, నా పేరు గుమాన్ సింగ్. గుర్రాలవాణ్ణి. మొన్న దొరల గుంపుతో వెళ్తూ మీ ఇంటి ముందు దిగి నీళ్ళడిగిన ముసలివాణ్ణి నేనే. ఆ రోజు కృతజ్ఞత చెప్పానో లేదో గుర్తులేదు. అందుకని రాస్తున్నాను.

ఎండ ఎక్కువగా ఉంది. గొంతు ఎండిపోయింది. నన్ను చూడగానే మీరు ముసుగైనా లేకుండా పరుగెత్తుకొచ్చారు. పరాయి ఇంటి కోడలు కదా అని నేను తల తిప్పుకుని, "బాయీ, కాసిని మంచినీళ్ళు ఇప్పిస్తారా?" అన్నాను. మీరు అలాగే నిలబడిపోయారు. తరువాత ముసుగు దించుకున్నారు. నా వెనక అమ్రా అనేవాడు చేతులతో ఏదేదో సైగలు చేశాడు. వాడికీ దాహమేమో అనుకున్నాను.

మీరు లోటా తెచ్చారు. తాగే ముందు నా పద్ధతి ప్రకారం మీ పుట్టిల్లు ఏ ఊరని అడిగాను. ఏమీ అనుకోకండి. మా ఊరి ఆడపిల్ల ఉన్నచోట నేను నీళ్ళు ముట్టను. మీరు ఎంతకీ చెప్పలేదు. మంచం మీద పెద్దావిడ "చెప్పవే, పెద్దాయన లోటా పట్టుకుని నిలబడ్డాడు" అన్నారు. "బాడ్మేర్ వైపు. ఈ చుట్టుపక్కల నాకెవరూ లేరు" అన్నారు మీరు. మీ గొంతు బాగా బొంగురుపోయి ఉంది. చలి వెళ్ళే రోజులివి, జాగ్రత్త. వాము వేసి కాచిన నీళ్ళు తాగండి.

హాయిగా తాగాను. వాననీటి తొట్టివని చెప్పారు. అంత తియ్యటి నీళ్ళు ఈ మధ్య తాగలేదు. తరువాత రొట్టె, జమ్మికాయల కూర పెట్టారు. దొరలు ఎండలో కాచుకుని ఉన్నా నేను లేవలేదు. నేను తింటున్నంతసేపూ మీరు ఎదురుగా కూర్చుని విసనకర్రతో విసిరారు. పరాయివాడికి ఎవరమ్మా అంత చేస్తారు? మిమ్మల్ని కన్న తండ్రి అదృష్టవంతుడు.

నాకూ ఒక అమ్మాయి ఉంది. మీ ఈడుదే ఉంటుంది. ఈ వైపే ఎక్కడో ఇచ్చాం. ఊరి పేరు నోటి దాకా వస్తోంది, బయటికి రావడం లేదు. తన ఇంట్లో నేను ఎప్పుడూ ఏమీ తినలేదు, తినకూడదు కదా. అందుకని తను ఇల్లు ఎలా దిద్దుకుంటుందో, ఏం వండుతుందో నాకు తెలియదు. మీ వంట తింటుంటే మా అమ్మాయి కూడా ఇలాగే వండుతుందేమో అనిపించింది. అనిపించి రెండు రొట్టెలు ఎక్కువ తిన్నాను.

తనకు ఉత్తరం రాసే అలవాటు నాకు. ఇప్పుడు కాగితం తీస్తే ఏ ఊరికి పంపాలో తెలియడం లేదు. మీ ఊరి పేరు మాత్రం దారిలోని ఊళ్ళతో పాటు అమ్రా తన బండి మీద రాయించి పెట్టుకున్నాడు, చూసి రాశాను. ఇంట్లో పలకరించేవాళ్ళు లేరు. మీకు విసుగనిపించకపోతే జవాబు రాయండి.

ఇట్లు,
గుమాన్ సింగ్


ఝాంఝర్‌సర్,
చైత్రం

పెద్దలు గుమాన్ సింగ్‌జీ గారికి,

నమస్కారాలు. మీ ఉత్తరం అందింది. అత్తగారికి చదివి వినిపించాను. రెండోసారి ఆవిడే చదవమన్నారు. గొంతు తగ్గింది. వాము నీళ్ళు తాగుతున్నాను.

మీరు కృతజ్ఞత చెప్పలేదని అనుకోవద్దు. గుర్రం ఎక్కుతూ నా తల మీద చెయ్యి పెట్టి వెళ్ళారు. అది చాలు.

నన్ను కన్న తండ్రిని మెచ్చుకున్నారు కాబట్టి చెప్తున్నాను. మా నాన్నగారు కూడా గుర్రాల మనిషే. మాట అంటే మాటే. ఆయనకు ఒక్కసారి నా చేత్తో అన్నం పెట్టాలని ఏడేళ్ళు అనుకున్నాను. కుదరలేదు. ఇక కుదరదు కూడా. ఆయన గుర్తొచ్చి ఆ రోజు మీకు పెట్టాను. మీరు కడుపునిండా తింటుంటే చూశాను. ఎక్కువగా విసిరానని అత్తగారు తరువాత వెక్కిరించారు. వెక్కిరిస్తూనే కళ్ళు తుడుచుకున్నారు.

మీ అమ్మాయి ఊరు గుర్తు రాలేదని బాధపడకండి. ఆ అమ్మాయికి రాయాలనుకున్నవి నాకు రాయండి. విసుగేం లేదు. పళ్ళ డాక్టరు కబుర్లున్నా రాయండి, ఎన్నిసార్లు చెప్పినా వింటాను.

ఇప్పుడు అసలు మాట. మా బయటి గది ఖాళీగా ఉంది. మంచం వేయించాం. పక్కన కొట్టం బాగు చేయించాం, మీ గుర్రం నిలబడటానికి చోటుంది. ఇంట్లో మగదిక్కు లేదు. ఒక పెద్దమనిషి ఉంటే మాకు ధైర్యం. వచ్చి మా దగ్గరే ఉండిపోండి. బరువవుతానని మొహమాటపడకండి. అమ్రాజీకి కబురు పంపాను. తన బండి మీద సామాను ఎక్కించి మిమ్మల్ని నెమ్మదిగా తీసుకొస్తారు. దారి సంగతి ఆయన చూసుకుంటారు.

మీ పద్ధతి సంగతి మాకు తెలుసు. అందుకే అత్తగారు గుమ్మంలో మంచం వేయించుకుని, ఇంటింటివాళ్ళనీ పిలిపించి వాకబు చేశారు. ఝాంఝర్‌సర్‌లో మీ ఊరి ఆడపిల్ల ఒక్కతె కూడా లేదు. మీరు నిశ్చింతగా నీళ్ళు తాగొచ్చు.

ఇట్లు,
మొదటి ఇంటి కోడలు